విశాఖలో మధ్యాహ్నం ఫ్లైటు, బరంపురంలో ఇల్లు: ఎన్నింటికి బయలుదేరాలి?

మీరు అడిగింది ఇదీ: ఇల్లు ఒడిశాలోని బరంపురంలో. అమ్మానాన్నలకి విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి మధ్యాహ్నం 2:30కి ఫ్లైటు. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదలు. అక్క పురిటికి వెళ్తున్నారు కాబట్టి సామాను బాగానే ఉంటుంది. మూడు గంటల ముందే లోపల కూర్చోవాలని మీ మామయ్య అంటున్నారు. వెబ్ చెకిన్ చేసేశాం కదా, గంట చాలని మీ తమ్ముడు అంటున్నాడు.

ఇద్దరి మాటా పక్కన పెట్టండి. దేశంలోపల తిరిగే ఫ్లైటుకి, పెద్దవాళ్ళకి, బ్యాగులున్నప్పుడు, రెండు గంటల ముందు టెర్మినల్ గుమ్మం దగ్గరుంటే సరిపోతుంది. మీ లెక్కలో అది 12:30. అయితే ఈ రెండు గంటల సలహా విశాఖలో ఉన్నవాళ్ళ కోసం చెప్పేది. మనవైపు, అంటే దక్షిణ ఒడిశాలోని తెలుగువాళ్ళకి తేలాల్సింది 12:30కి అక్కడ ఉండాలంటే ఇంట్లోంచి ఎప్పుడు కదలాలన్నది. నేను కొన్నేళ్ళు భువనేశ్వర్‌లోనూ, ఆ తర్వాత విశాఖలోనూ చెకిన్ కౌంటర్ వెనక పనిచేశాను. ఫ్లైటు తప్పిపోయి నా ఎదుట నిలబడిన గంజాం, గజపతి, రాయగడ జిల్లాల వాళ్ళలో లోపలి క్యూల వల్ల తప్పిపోయినవాళ్ళు చాలా తక్కువ. మిగతా వాళ్ళందరికీ దారిలోనే టైము కరిగిపోయింది. కాబట్టి చేతిలో ఉన్న అదనపు టైమంతా దారికి కేటాయించండి. ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెడితే పెద్దవాళ్ళ నడుములు పట్టేయడం తప్ప ఇంకేం ఉండదు.

ముందు ఆ 2:30 సంగతి. అది విమానం కదిలే వేళ. దాన్ని మీ గడువు అనుకోకండి. దేశీయ ఫ్లైట్లకి చాలా సంస్థలు చెకిన్ కౌంటర్నీ, బ్యాగులు తీసుకునే కౌంటర్నీ 60 నిమిషాల ముందు మూసేస్తాయి. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. అంటే బ్యాగు ఇవ్వడానికి ఆఖరు 1:30, గేటు దగ్గరికి ఆఖరు 2:05. మీ టికెట్ మీద సంస్థ ఏం రాసిందో చూసి, ఈ రెండు టైముల్ని పెద్ద అక్షరాలతో ఓ కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి. 2:30ని మర్చిపొమ్మనండి.

గంట ముందు ఎందుకు మూస్తారంటే, ఆ తర్వాత బ్యాగులన్నీ ఎక్స్‌రే చెయ్యాలి, బండి మీద విమానం దగ్గరికి పోవాలి, ఎంతమంది ఎక్కుతున్నారు, కింద ఎంత బరువు పడుతోంది అన్న లెక్క తేల్చి పైలట్ చేతికివ్వాలి. గడువు దాటగానే కంప్యూటర్లో ఆ ఫ్లైటు మూసుకుపోతుంది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయిని బతిమాలినా, అరిచినా ఆ పిల్ల చేతిలో ఏమీ ఉండదు. కదులుతున్న రైలుని పరిగెత్తి పట్టుకున్నట్టు విమానాన్ని పట్టుకోలేం.

మీ తమ్ముడి వాదనకి జవాబు కూడా ఇందులోనే ఉంది. వెబ్ చెకిన్ వల్ల సీటు ఖాయమవుతుంది, బోర్డింగ్ పాస్ చేతికొస్తుంది. బ్యాగు మాత్రం మళ్ళీ కౌంటర్లోనే ఇవ్వాలి, దాని గడువు అదే. చేతిసంచి ఒక్కటే పట్టుకుని వెళ్ళే కుర్రాడికి గంటంపావు సరిపోవచ్చు. పచ్చడి జాడీలతో బయలుదేరిన అమ్మకి సరిపోదు.

ఇంకో మాట. ఫ్లైటు గంట లేటని మెసేజ్ వస్తే చాలామంది ఇంట్లోనే ఇంకో గంట కాలు చాపుకుంటారు. ఆ పని చెయ్యకండి. కొత్త టైము ప్రకారం కౌంటర్ కూడా ఆలస్యంగా మూస్తామని సంస్థ స్పష్టంగా చెబితే తప్ప, పాత టైముకే వెళ్ళాలి. ఆలస్యం తగ్గిపోయి విమానం అనుకున్నదానికంటే ముందే వచ్చేయడం నేను చాలాసార్లు చూశాను.

తప్పిపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. రైలు ఆలస్యమైంది, రోడ్డు మీద లారీ బోల్తా పడింది అన్న కారణాలు ఎయిర్‌లైన్స్‌కి పట్టవు. మిమ్మల్ని రానివాళ్ళ కింద రాసుకుంటారు, అసలు ఛార్జీలో పెద్దగా ఏమీ వెనక్కి రాదు. అయితే టికెట్లో కలిపి వసూలు చేసిన పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు తిరిగి ఇవ్వాలని డీజీసీఏ (విమాన సంస్థల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది. రిఫండ్ లేని టికెట్ అయినా ఇవ్వాల్సిందే. మనం అడిగితే కాస్త త్వరగా వస్తుంది.

ఇక దారి. బరంపురం నుంచి విశాఖ రైల్లోనైనా, రోడ్డు మీదైనా 270 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మీ ఫ్లైటుకి నా మొదటి ఓటు వందే భారత్‌కి. 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్–విశాఖ బండి తెల్లవారుజామున భువనేశ్వర్‌లో బయలుదేరి, బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా 11 గంటల ప్రాంతంలో విశాఖ చేరుతుంది. వారంలో ఒకరోజు నడవదు. మీ తేదీన ఉందో లేదో, టైము ఏమైనా మారిందో చూసుకోండి. విశాఖ స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టుకి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఆటోలోనో, క్యాబ్‌లోనో మామూలు రోజు అరగంట, ట్రాఫిక్ ఉంటే ముప్పావు గంట. అంటే 12 లోపే చేరతారు. బండి గంట లేటైనా 1 గంటకి గుమ్మం దగ్గరుంటారు, గడువుకి ఇంకా అరగంట ఉంటుంది. మీ 2:30 ఫ్లైటుకి ఇది సరిపోతుంది. అదే ఫ్లైటు 1 గంటకి ఉండుంటే మాత్రం ఈ రైలుని నమ్మమని చెప్పేవాణ్ణి కాదు.

వందే భారత్ దొరకకపోతే ఓ చిన్న చిట్కా. మనకి దగ్గరలో మొదలయ్యే బళ్ళని ఎంచుకోండి. ప్రశాంతి, విశాఖ ఎక్స్‌ప్రెస్ లాంటివి భువనేశ్వర్‌లోనే బయలుదేరతాయి, కాబట్టి బరంపురం వచ్చేసరికి వాటికి పెద్దగా ఆలస్యం పేరుకుని ఉండదు. కోరమాండల్, ఫలక్‌నుమా కోల్‌కతా వైపు నుంచి వస్తాయి. ఎక్కడో బాలేశ్వర్ దగ్గర జరిగిన ఆలస్యం మీ నెత్తిన పడుతుంది. వందే భారత్ కాక వేరే ఏ బండి అయినా విశాఖ చేరే వేళ, ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర ఉండాల్సిన వేళకి కనీసం రెండు గంటల ముందు ఉండేలా చూసుకోండి. అలా కుదరకపోతే ముందురోజు సాయంత్రమే వెళ్ళి విశాఖలో చుట్టాలింట్లో పడుకోవడం మేలు. పొద్దున్నే 6, 7 గంటల ఫ్లైట్లకైతే మనవైపు వాళ్ళకి వేరే దారే లేదు.

కారులో వెళ్దామనుకుంటే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఐదు గంటలు, టిఫినుకి ఆగితే ఐదున్నర. దానికి గంటన్నర కలపండి. అంటే ఉదయం 5:30కి ఇంటి ముందు బండి కదిలిపోవాలి. ఆ గంటన్నర ఎక్కడ పోతుందో ముందే చెప్పగలను. ఒడిశా నంబరు ట్యాక్సీ అయితే ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం సరిహద్దులో పర్మిట్, ఆంధ్రా పన్ను సంగతి తేలాలి. అది ముందురోజే ఆన్‌లైన్లో కట్టేశావా అని డ్రైవర్ని అడగండి, ‘చూద్దాంలే’ అంటే వేరే బండి మాట్లాడండి. తర్వాత మడపాం, నాతవలస టోల్‌గేట్లు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో డ్రైవరు అక్కడికెళ్ళాకే చూసుకుంటాడు. ఆపైన విశాఖ ఊళ్ళో దూరడం. ఆనందపురం దాకా హాయిగా వచ్చి, నేరుగా హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా ఊరి మధ్యలోంచి వెళ్తే సిగ్నళ్ళ దగ్గరే ఆయుష్షు సగం తరిగిపోతుంది. ఆనందపురంలో కుడిపక్కకి తిరిగి పెందుర్తి, గోపాలపట్నం మీదుగా ఎన్‌ఏడీకి చేరే దారి కాస్త చుట్టే, కానీ దాన్ని నమ్ముకోవచ్చు. ఆరోజు మ్యాపులో రెండూ పోల్చి చూసుకోండి.

ఇప్పుడు లోపలి సంగతి. విశాఖ ఎయిర్‌పోర్టు పెద్దదేమీ కాదు, తెలుగులో అడిగితే దారి చెప్పేవాళ్ళు అడుగడుగునా ఉంటారు. గుమ్మం దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను టికెట్టూ, గుర్తింపు కార్డూ చూస్తాడు. ఆధార్ కార్డుని ఫోన్‌లో ఫొటో తీసుకుని చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. అసలు కార్డు పట్టుకెళ్ళమనండి, లేదా ఎంఆధార్, డిజిలాకర్ యాప్‌లో చూపించేలా పెట్టివ్వండి. ఇక్కడ మనవాళ్ళకి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది పేరు. ఒడియా బడిలో చదివి ఒకలా, తెలుగింట్లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా రాయించుకున్న పేర్లు మనకి మామూలే. ఒక కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో చివరికి పోతుంది. ‘వెంకట’ ఒకచోట ఒడియావాళ్ళు పలికినట్టు ‘బెంకట’ అయిపోయి ఉంటుంది. ఏ కార్డు చూపించబోతున్నారో ఆ కార్డులో ఉన్నట్టే టికెట్ మీద ఉందో లేదో ఈ రాత్రే సరిచూడండి. సంస్థ వెబ్‌సైట్లోనే కొన్న టికెట్ అయితే, 24 గంటల్లోపు చెబితే పేరులో తప్పు డబ్బు తీసుకోకుండా దిద్దాలి. ఆ గడువు దాటిపోయినా ఫోన్ చేసి చెప్పండి. ఒకట్రెండు అక్షరాల తేడా అయితే చాలాసార్లు సర్దుతారు. గుమ్మం దగ్గర జవానుతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

డిజియాత్ర గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. ముఖం చూపిస్తే గేటు తెరుచుకునే పద్ధతి. విశాఖకీ, భువనేశ్వర్‌కీ 2024 సెప్టెంబరులో వచ్చింది. మీలాంటి వాళ్ళకి బాగుంటుంది. మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకి ఆ యాప్ నేర్పడానికి పట్టే టైములో మామూలు వరుసలో రెండుసార్లు వెళ్ళి రావచ్చు.

ఇక అమ్మ సామాను. ఎయిర్‌పోర్టు లోపల టైము ఎక్కడైనా పోతుందంటే ఇక్కడే పోతుంది. బరంపురం నుంచి కూతురి పురిటికి వెళ్తున్న తల్లి ఆవకాయ, అప్పడాలు, కాయం, నెయ్యి లేకుండా గడప దాటదని నాకు తెలుసు. అప్పడాలతో ఏ పేచీ లేదు, నలిగిపోకుండా చేతిసంచిలోనే పెట్టుకోవచ్చు. కారం పచ్చళ్ళూ, కారప్పొడీ చేతిసంచిలో ఒప్పుకోరు, చెకిన్ బ్యాగులోనే వెయ్యాలి. సీసా మూతకి ప్లాస్టిక్ కవరు కట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పాత చీరలో చుట్టండి. నూనె కారిందంటే పక్కవాళ్ళ బ్యాగులు కూడా పాడవుతాయి, మీ బ్యాగుని కౌంటర్లోనే వెనక్కి ఇచ్చేస్తారు. నెయ్యి ఎంతవరకు ఒప్పుకుంటారో మీ సంస్థ వెబ్‌సైట్లో చూసి, అది కూడా చెకిన్‌లోనే. చేతిసంచిలో ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. కాయం లాంటి పురిటి మందులన్నీ ఒకచోట, పైన పేరు రాసి, చెకిన్ బ్యాగులో పెట్టండి.

ఎండు కొబ్బరి మాత్రం ఎందులోనూ వద్దు. అందులోని నూనెకి తనంతట తనే వేడెక్కే గుణం ఉంది, అందుకని దాన్ని మండే సరుకుల్లో లెక్కేస్తారు. పూజ సంచిలో పడుండే కర్పూరం, అగ్గిపెట్టె కూడా తీసేయండి. పవర్‌బ్యాంక్ దీనికి తలకిందులు: చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో ఉంటే స్కానర్లో కనబడి పిలిపిస్తారు. మైకులో పేరు పిలిస్తే మొదటిసారి వెళ్ళేవాళ్ళు కంగారుపడతారు, వెళ్ళి బ్యాగు తెరిచి తీసిచ్చే సరికి ఇరవై నిమిషాలు పోతాయి. మీకు చెప్పిన రెండు గంటల్లో ఈ ఇరవై నిమిషాలు కూడా ఉన్నాయి.

బరువు ఇంట్లోనే తూచండి. సాధారణ టికెట్‌కి దేశీయ ఫ్లైట్లలో మనిషికి చెకిన్ 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు చాలా సంస్థల్లో ఉన్న లెక్క. ఎక్కువైతే కిలోకింత అని కట్టాలి, లేదా అక్కడే నేలమీద కూర్చుని బ్యాగులు విప్పాలి. పట్టుచీరలు తేలికే అనుకుంటాం గానీ, అరడజను బరంపురం పట్టుచీరలు ఒకచోట పెడితే త్రాసు ముల్లు బాగానే కదులుతుంది.

సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్ళని తెర చాటున విడిగా తనిఖీ చేస్తారు. ఆ బూత్‌లు తక్కువ ఉంటాయి కాబట్టి అమ్మ వరుస నాన్నగారి వరుసకంటే మెల్లగా కదులుతుంది. నాన్నగారు అటువైపు వెళ్ళాక అక్కడే ఆగమనండి, గేటు దగ్గరికి ఒక్కరే వెళ్ళిపోకూడదు. ఫోను, పర్సు, చిల్లర అన్నీ ముందే సంచిలో వేసి జిప్పు పెట్టేస్తే ట్రేలో ఏదీ మర్చిపోరు. లోపల కాఫీ ధర చూసి అమ్మ ఎలాగూ తాగదు. ఇంటి నుంచి పులిహోర డబ్బా పట్టుకెళ్ళడానికి అడ్డేమీ లేదు.

కాలాన్ని బట్టి ఈ లెక్కలు మారతాయి. రథయాత్ర రోజుల్లో ఖుర్దా రోడ్డు వైపు బళ్ళన్నీ కిక్కిరిసి నడుస్తాయి, సంక్రాంతికి రెండు వైపులా అంతే. అక్టోబరు నెల వేరే కథ. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ విశాఖ ఎయిర్‌పోర్టు టెర్మినల్‌ని చిందరవందర చేసింది సరిగ్గా అదే తేదీన, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఎంత ముందు బయలుదేరాలన్న ప్రశ్నే వద్దు. రైళ్ళు ముందే రద్దు చేస్తారు, రోడ్డు మీద చెట్లు పడతాయి. తేదీ మార్చుకోండి. విశాఖ రన్‌వే నౌకాదళానిది కాబట్టి పనుల కోసం మూసేస్తే ఫ్లైట్ల వేళలు మొత్తం మారతాయి, 2023 చివరి నుంచి కొన్ని నెలలు రాత్రిపూట అలాగే మూశారు. ముందురోజు సాయంత్రం టైము ఇంకోసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇది చదివే మిగతావాళ్ళకి క్లుప్తంగా: కోరాపుట్, జయపురం వాళ్ళు సాలూరు ఘాట్ దిగి రావాలి, చలికాలం పొగమంచులో ఆ మలుపుల మీద వేగం కుదరదు, వానాకాలం కొండచరియలు. పగటి ఫ్లైటే తీసుకోండి, మామూలు ప్రయాణ సమయానికి రెండు గంటలు కలపండి. పర్లాకిమిడి వాళ్ళు పాతపట్నం మీదుగా హైవే ఎక్కేస్తే సగం గండం గడిచినట్టే. బరంపురం వాళ్ళు మాత్రం ఈసారి టికెట్ తీసే ముందు భువనేశ్వర్ కూడా చూడండి. దూరం 170 కిలోమీటర్లే, స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉంటుంది. విశాఖలో అందరూ తెలుగువాళ్ళే అన్న ధైర్యంతో వంద కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతున్నాం, మన పెద్దవాళ్ళకి ఒడియా కూడా వచ్చినా సరే.

విదేశాలకైతే మూడు గంటలు, అది మీ మామయ్య చెప్పినట్టే. గల్ఫ్‌కి పనికి వెళ్ళేవాళ్ళు వీసా, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితాలు చేతిలో పట్టుకుని ఇంకాస్త ముందే వెళ్ళాలి. హైదరాబాదులోనో, ముంబైలోనో విమానం మారుతూ రెండు టికెట్లూ విడివిడిగా కొనుంటే, మొదటిది ఆలస్యమైతే రెండోదాని సంస్థ మీకోసం ఆగదు. అలాంటప్పుడు మధ్యలో ఐదారు గంటలు ఉంచుకోండి.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త ఎయిర్‌పోర్టు సంగతి కూడా గుర్తుంచుకోండి. మీ టికెట్ మీద ఎయిర్‌పోర్టు పేరు ఏముందో చదవండి. భోగాపురం అని ఉంటే నేను పైన చెప్పిన దారి లెక్క మారిపోతుంది. మనవైపు నుంచి అది హైవే మీదే, విశాఖ ఊళ్ళోకి వెళ్ళే పనే లేదు, కారులో గంట దాకా కలిసొస్తుంది. రైల్లో వెళ్ళేవాళ్ళు విశాఖ దాకా పోయి వెనక్కి రాకుండా విజయనగరంలో దిగాలి.

చివరగా, మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులని రాశారు. వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడకండి, దానికి డబ్బు తీసుకోరు. సంస్థకి 48 గంటల ముందు చెప్పాలి, కాబట్టి రేపు పొద్దున్నే పీఎన్‌ఆర్ దగ్గర పెట్టుకుని ఫోన్ చేసి, టికెట్ మీద నమోదు చేయించండి. హైదరాబాదులో దిగాక కూడా కావాలని విడిగా చెప్పండి, శంషాబాద్‌లో నడక విశాఖకంటే చాలా ఎక్కువ. వీల్‌చెయిర్ తోసే మనిషి టెర్మినల్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కొంత టైము పడుతుంది, అందుకని ఆరోజు మీకు 12:30 కాదు, 12:15.